సామాజిక, మానవీయ శాస్త్రాల పరిశోధనకు ఆన్‌లైన్‌లో మీకు నిజంగా అక్కరకొచ్చినవి ఏవి?

తొలి అధ్యాయం:
సామాజిక శాస్త్రంలో పరిశోధన మొదలుపెట్టి నాలుగు నెలలైంది. గూగుల్ స్కాలర్‌లో వెతికితే వేలకొద్దీ ఫలితాలు వస్తున్నాయి కానీ, తెరవబోతే చాలావాటికి డబ్బు కట్టమంటున్నారు. పెద్ద గ్రంథాలయ చందా లేనివారు ఎక్కడ మొదలుపెట్టాలి? జాబితాలు చాలా చూశాను కనుక, దయచేసి మీరు స్వయంగా వాడినవాటి గురించే చెప్పండి.

పాత సంచిక:
స్కాలర్ ఫలితం కింద ‘అన్ని వెర్షన్లు’ అనే లింకు ఉంటుంది, ముందు దాన్ని నొక్కి చూడండి. ప్రచురణకర్త అమ్ముతున్న వ్యాసాన్నే రచయిత తన విశ్వవిద్యాలయ భాండాగారంలో ఉచితంగా ఉంచి ఉండవచ్చు. బ్రౌజర్‌లో అన్‌పేవాల్ అనే ఉచిత పొడిగింపు (ఎక్స్‌టెన్షన్) పెట్టుకుంటే ఆ వెతుకులాట చాలావరకు అదే చేస్తుంది. జర్నళ్ల డిజిటల్ భాండాగారమైన జేస్టోర్‌లో సొంత ఖాతా తెరిస్తే చందా లేకున్నా నెలకు 100 వ్యాసాల వరకు ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు. అయితే అక్కడ అనేక జర్నళ్ల తాజా సంచికలు కొన్నేళ్లు ఆలస్యంగా చేరుతాయి. దీన్నే మూవింగ్ వాల్ అంటారు. అది తెలియక, నా అంశంపై ఈ మధ్య ఎవరూ ఏమీ రాయలేదని చాలాకాలం భ్రమపడ్డాను.

లెక్కల చిట్టా:
మీది సర్వే గణాంకాలతో ముడిపడిన అంశమైతే మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1962 నుంచి నడుస్తున్న ఐసీపీఎస్ఆర్ అనే దత్తాంశాల భాండాగారాన్ని, వివిధ దేశాల ప్రజల విలువలపై 1981లో మొదలైన వరల్డ్ వాల్యూస్ సర్వేను చూడండి. రెండోదాని దత్తాంశాలు ఉచితంగానే దిగుమతి చేసుకోవచ్చు. కానీ ఏ సంఖ్యకు ఏ అర్థమో చెప్పే కోడ్‌బుక్ చదవకుండా ఫైలు తెరవకండి. అందులో ‘తెలియదు’ అన్న జవాబుకు -1, జవాబు ఇవ్వనివారికి -2 అని సంకేతాలుంటాయి. నేను వాటిని తొలగించకుండానే సగటు తీసి, ఒక దేశ ప్రజలకు ఇతరులపై నమ్మకం విపరీతంగా తక్కువని రెండు పేజీలు రాసేశాను. నిజానికి అక్కడ తక్కువైంది నమ్మకం కాదు, జవాబులు!

అచ్చు అక్షరం:
చరిత్ర, సాహిత్యాల వైపు వెళ్లేవారికి 2008లో ఏర్పడిన హాతీట్రస్ట్ అనే స్కాన్ పుస్తకాల డిజిటల్ గ్రంథాలయం గురించి చెప్పాలి. కాపీహక్కు ఉన్న పుస్తకాన్ని అది చదవనివ్వకపోవచ్చు గానీ, మీరు వెతికిన మాట ఆ పుస్తకంలో ఏయే పేజీల్లో ఉందో సాధారణంగా చూపిస్తుంది. అంత తెలిస్తే ఆ పుస్తకం కోసం గ్రంథాలయానికి వెళ్లాలో వద్దో తేల్చుకోవచ్చు. 18వ శతాబ్దపు ఆంగ్ల పుస్తకాలతో మాత్రం జాగ్రత్త. నాటి అచ్చులో ‘ఎస్’ అక్షరానికి ‘ఎఫ్’ను పోలిన పొడవాటి రూపం కూడా ఉండేది. స్కాన్ చేసిన పేజీలోని అక్షరాలను గుర్తించే ఓసీఆర్ దాన్ని తరచుగా ‘ఎఫ్’గానే చదువుతుంది కాబట్టి, మాట దొరకలేదంటే ఆ తప్పు వర్ణక్రమంతో కూడా ఒకసారి వెతకండి.

తత్త్వశాస్త్రానికి స్టాన్‌ఫర్డ్ ఎన్‌సైక్లోపీడియా ఉండనే ఉంది. దాని వ్యాసాలు మారుతూ ఉంటాయి కనుక, మూడు నెలలకోసారి భద్రపరిచే స్థిర ప్రతినే ఉదహరించండి.

లెక్కల చిట్టా:
మరొక్క మాట. ఎస్ఎస్ఆర్ఎన్, సోషార్కైవ్ అనే వ్యాస భాండాగారాలలో కనిపించే ప్రీప్రింట్లు చాలావరకు సమీక్షకు ముందరి ప్రతులు. అచ్చయ్యేటప్పటికి పట్టికలే మారిపోవచ్చు. ముగింపులను ఉటంకించే ముందు ప్రచురిత ప్రతి వచ్చిందేమో చూసుకోవాలి.

పాత సంచిక:
పేరు వినని ఓపెన్ యాక్సెస్ (అందరూ ఉచితంగా చదవగల) జర్నల్ ఎదురైతే నేను అలాంటి జర్నళ్ల జాబితా అయిన డీవోఏజేలో వెతుకుతాను. చందా జర్నళ్లను అది అసలు చేర్చుకోదు కాబట్టి, అందులో లేనంత మాత్రాన జర్నల్ మంచిది కాదని అనుకోకూడదు.

తొలి అధ్యాయం:
అందరికీ కృతజ్ఞతలు. నాకు కావలసిన మూడు వ్యాసాల్లో రెండు ‘అన్ని వెర్షన్లు’ ద్వారా దొరికాయి. అయితే ఒకటి రచయిత దాచుకున్న టైపు ప్రతి. దానికి జర్నల్ పేజీ సంఖ్యలు లేవు. అందులోని వాక్యాన్ని యథాతథంగా ఉటంకించాలంటే ఏం చేయాలి?

పాత సంచిక:
ఆ ప్రతి పేజీ సంఖ్యలు మాత్రం వేయకండి, చదివేవారు జర్నల్‌లో వెతికి మోసపోతారు. విషయాన్ని క్లుప్తంగా రాసి రచయితకు ఈమెయిల్ పంపండి. నేను అడిగినవారిలో చాలామంది అచ్చు ప్రతిని సంతోషంగా పంపించారు.