శేషాచలం పేరిత మొక్కలను ఊరివాళ్లం ఎలా కాపాడుకోవాలి?

ప్రశ్న:
నమస్కారం. మాది శేషాచలం కొండల అంచున ఉన్న ఊరు. చిన్నప్పుడు తాతతో కట్టెలకు వెళ్లినప్పుడు బండల మధ్య గుంపులుగా కనిపించిన పేరిత మొక్కలు (ఈతచెట్టులా కనిపించే సైకస్ జాతి) ఇప్పుడు అక్కడొకటి, ఇక్కడొకటిగా మిగిలాయి. మొన్న చూసిన మొక్కకు నడినెత్తిన ఉండే కంకిని ఎవరో కోసుకుపోయారు. కోసిన చోట జిగురు కారి గట్టిపడింది, చుట్టూ ఆకులు మాత్రం పచ్చగానే ఉన్నాయి. మందు కోసం కంకి కోస్తే మొక్క చావదు కదా, నష్టమేమిటని ఊళ్లో అంటున్నారు. ఇది నిజమేనా? రెండు మొక్కలు తవ్వి తెచ్చి మా తోటలో నాటితే అవైనా బతుకుతాయేమో చెప్పగలరు.

జవాబు 1:
కళాశాలలో వృక్షశాస్త్రం చెబుతాను కనుక కాస్త వివరంగా రాస్తున్నాను. మొక్క చావదన్నమాట నిజమే, నష్టం లేదన్నమాట మాత్రం కాదు. పేరితలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. జనం కోసేది మగ మొక్క కంకినే. పుప్పొడి ఉండేది అందులోనే కాబట్టి, ఆ చుట్టుపక్కల మగ కంకులన్నీ కోసేస్తే ఆడ మొక్కలు ఎంత ఆరోగ్యంగా ఉన్నా వాటికి మొలకెత్తే గింజ పట్టదు. అందుకే పెద్ద మొక్కలు పచ్చగా కనిపిస్తూనే ఉంటాయి, వాటి కింద పిల్ల మొక్క మాత్రం ఉండదు. ఈసారి వెళ్లినప్పుడు పెద్దవాటిని కాక పిల్ల మొక్కలను లెక్కపెట్టండి. కార్చిచ్చు సంగతీ అంతే: ముదురు మాను మంటను తట్టుకుని మళ్లీ చిగురిస్తుంది, నేల మీది గింజలూ లేత మొలకలూ కాలిపోతాయి.

తవ్వి తేవడం మాత్రం దయచేసి వద్దు. 1991 సవరణతో వన్యప్రాణి సంరక్షణ చట్టంలో రక్షిత మొక్కల జాబితా చేర్చినప్పుడు, అందులోని ఆరింటిలో పేరిత ఒకటి. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందంలోనూ ఇది అన్నింటికన్నా కఠినమైన మొదటి అనుబంధంలో ఉంది. ఎర్రచందనం సైతం రెండో అనుబంధంలోనే ఉంది.

జవాబు 2:
పై మాటలకు ఒకటి కలుపుతాను. కంకులు కోసేవారిని దొంగల్లా చూడకండి. అభయారణ్య నిబంధనలకు లోబడి, షెడ్యూల్డ్ తెగలవారు తాముండే జిల్లాలో సొంత అవసరానికి సేకరించుకోవడాన్ని చట్టమే అనుమతించింది. బేరానికి మూటలు కట్టించేవారి సంగతి వేరు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఊరి మొక్కలు, జీవాలు, వాటి గురించి జనానికి తెలిసిన సంగతులు నమోదు చేసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. మీ ఊళ్లో ఆ కమిటీ కాగితానికే పరిమితమై ఉంటే గ్రామసభలో అడగండి. అడవి తెలిసిన యానాది పెద్దలను, మేకల కాపరులను ఆ కమిటీలో కూర్చోబెట్టండి. మొక్కలున్న చోటు మాత్రం ఇలా నలుగురూ చదివే చోట రాయకండి.

ప్రశ్న అడిగినవారు:
మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. తవ్వి తెచ్చే ఆలోచన మానుకున్నాను. నిన్న మా మేకల కాపరితో కలిసి మళ్లీ ఆ వాలుకు వెళ్లాను. పదకొండు పెద్ద మొక్కలున్నాయి, వాటి కింద పిల్ల మొక్క ఒక్కటే కనిపించింది. ఎండలు ముదరకముందే ఆ చుట్టూ ఎండుగడ్డి తీసి అగ్నిరేఖ వేయించమని అటవీ సిబ్బందిని అడగబోతున్నాము. పనికి మేమూ వస్తామని కాపరులు మాటిచ్చారు.