ములాఖత్‌లో తమ్ముడి చేయి చూశాక

ప్రశ్న: హైదరాబాద్‌లోని ఒక జైలులో విచారణ ఖైదీగా ఉన్న మా తమ్ముడు పోయిన ములాఖత్‌లో ఎడమచేయి పైకెత్తలేకపోయాడు. అడిగితే "జారిపడ్డానక్కా" అన్నాడు గాని, చూపు మాత్రం పక్కనున్న వార్డరు మీదే ఉంది. ఫిర్యాదు చేస్తే వాడికే ముప్పు కాదా?

నాంపల్లి న్యాయవాది: భయం సహజమేనమ్మా. అయినా అతన్ని రిమాండుకు పంపిన మేజిస్ట్రేటుకే, వైద్య పరీక్ష చేయించమని అర్జీ పెట్టండి. గాయం మానిపోకముందే పెట్టాలి. తీహార్ జైలులో తోటి ఖైదీని వార్డరు హింసించాడని సునీల్ బాత్రా రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుని 1979లో తీర్పు చెప్పింది. జైళ్ల చట్టం మాత్రం చాలాకాలం 1894 నాటిదే నడిచింది, అదీ మన సంస్కరణల వేగం!

మలక్‌పేట పాఠకుడు: వకీలు ఫీజుకు వెనకాడకండి. నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.

ప్రశ్న అడిగినవారు: రేపే అర్జీ పెడతాను. వాడి పేరు బయటకు రాకుండా వీలవుతుందా?

నాంపల్లి న్యాయవాది: పేరు లేకుండా కుదరదు. వేరే బ్యారక్‌కు మార్చమని అందులోనే కోరండి.