పాప నా దగ్గర ఉన్న రాత్రులను ఎలా నిరూపించాలి? (ఆస్ట్రేలియా చైల్డ్ సపోర్ట్)

అందరికీ నమస్కారం. మెల్‌బోర్న్‌లో ఉంటున్నాను. విడిపోయి రెండేళ్లయింది. పాపకు ఏడేళ్లు. కోర్టు ఆర్డర్ లేదు, నోటిమాట మీదే నడుస్తోంది. పద్నాలుగు రోజుల్లో ఆరు రాత్రులు పాప నా దగ్గరే పడుకుంటుంది. వాళ్ళమ్మ మాత్రం చైల్డ్ సపోర్ట్ (విడిపోయిన తల్లిదండ్రులు పిల్లల ఖర్చు ఎలా పంచుకోవాలో తేల్చే ప్రభుత్వ పథకం) ఆఫీసుకు నాలుగే అని చెప్పింది. ఆ లెక్కే ఖాయం చేస్తూ పది రోజుల క్రితం ఆ ఆఫీసు నుంచి నాకు లెటర్ వచ్చింది.

రెండు రాత్రులే కదా అనిపిస్తుంది. కానీ ఏడాదికి 156 రాత్రులైతే కేర్ (పాప నా దగ్గర ఉండే వాటా) 42 శాతం, పాప ఖర్చులో 39 శాతం నేను నేరుగా పెడుతున్నట్టు లెక్క. 104 అయితే కేర్ 28 శాతం, ఖర్చు 24 శాతమే. డబ్బు సంగతి అలా ఉంచండి, నేను పాపను చూసుకోవట్లేదని కాగితం మీద ఉండటం చాలా బాధగా ఉంది.

28 రోజుల్లోపు అబ్జెక్షన్ (ఆ నిర్ణయాన్ని మళ్లీ చూడమని ఆ ఆఫీసుకే అభ్యంతరం) వేయాలనుకుంటున్నాను. దాటితే, గెలిచినా పాత తేదీ నుంచి మార్చకపోవచ్చట, అదే టెన్షన్. నా దగ్గర వాట్సాప్ మెసేజ్‌లు, ఆఫ్టర్ స్కూల్ కేర్‌లో నేను సంతకం పెట్టిన రికార్డులు ఉన్నాయి. కానీ అవి సాయంత్రం తీసుకెళ్లినట్టు చూపిస్తాయి గానీ, రాత్రి ఉన్నట్టు కాదు కదా?

ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్లు ఏ ఆధారాలు ఇచ్చారు? పక్కింటివాళ్లు రాసిచ్చిన ఉత్తరం పనికొస్తుందా? అబ్జెక్షన్‌లో కూడా కుదరక ట్రిబ్యునల్ దాకా వెళ్లినవాళ్లుంటే, లాయర్ లేకుండా నెగ్గుకురాగలిగారా? పాపను మాత్రం ఇందులోకి లాగదలుచుకోలేదు. దయచేసి చెప్పండి.