చేప పన్నా, చేప పొలుసా? ఒక బొమ్మ కింద రాయాల్సిన మాట

ఒక అనువాదం దగ్గర ఆగిపోయాను, సాయం చేయండి. ఇంగ్లండులో లడ్‌లో అనే ఊరి దగ్గర రాళ్ళ మధ్య పలచటి పొర ఒకటి ఉంది, లడ్‌లో బోన్ బెడ్ (ఎముకల పొర) అంటారు. వయసు దాదాపు 42 కోట్ల ఏళ్ళు. పురాజీవ మహాయుగంలోని సైలూరియన్ కాలపు చివరి రోజులది. అందులోని చేప అవశేషాల బొమ్మ కింద 'శిలాజ చేప పళ్ళు, పొలుసులు' అని రాశాను. చూసినాయన 'చేప పళ్ళా, ఏ చెట్టుకి కాశాయండీ' అన్నారు. పోనీ 'దంతాలు' అంటే నాకు ఏనుగే కనిపిస్తోంది. ఏకవచనంలో 'శిలాజ పన్ను' అంటే ప్రభుత్వం కొత్తగా వేసిన సుంకంలా ఉంది!

— పన్నుకీ పండుకీ బహువచనం కలిసిపోవడం మన పాత తలనొప్పే. అయినా పళ్ళపొడి అంటే పండ్లు ఎండబెట్టి దంచినదని ఎవరూ అనుకోరు కదా, పక్కన ఉన్న మాటే అర్థం తేల్చేస్తుంది. 'పలువరుస'లో పాత రూపం ఇంకా బతికే ఉంది. తమిళంలో పల్, కన్నడంలో హల్లు. మన సొంత మాట ఉండగా దంతం ఎందుకు? నా ఓటు పళ్ళకే.

— మీరంతా పళ్ళ దగ్గర కొట్టుకుంటున్నారు గానీ అసలు చిక్కు పొలుసు దగ్గరుందండీ. ఆ పొరలో ఎక్కువగా దొరికేవి థెలోడాంట్ అనే చేపల అవశేషాలు. ఒక్కోటి మిల్లీమీటరు, చాలావరకు అంతకన్నా చిన్నవి. సూక్ష్మదర్శిని కింద పెడితే పైన నున్నగా మెరిసే తల, దాని కింద సన్నటి మెడ, అడుగున పీఠం కనిపిస్తాయి. పీఠాన్ని తిరగేస్తే మధ్యలో చిన్న రంధ్రం, అంటే ఒకప్పుడు గుజ్జు ఉన్న చోటు. లోపలంతా డెంటిన్, అంటే పంటిలో ఉండే గట్టి పదార్థం. మన నోట్లో పన్ను కట్టుబడి కూడా ఇలాగే ఉంటుంది. కానీ ఇవి ఆ చేప ఒళ్ళంతా పరుచుకుని ఉండేవి. పొలుసు అనగానే మనకి గోటితో లేపితే ఊడొచ్చే పలచటి రేకు గుర్తొస్తుంది. ఇది రేకు కాదు, మేకు.

పేరు పెట్టినాయనా ఇక్కడే బోల్తా పడ్డాడు. 1839లో అచ్చయిన భూగర్భ శాస్త్రజ్ఞుడు మర్చిసన్ పుస్తకం కోసం, చేపల శిలాజాలు చదివిన లూయీ అగాసీ వీటిని చూసి థెలోడస్ పార్విడెన్స్ అన్నాడు. థెలోడస్ అంటే చనుమొన లాంటి పన్ను, పార్విడెన్స్ అంటే చిన్న పన్ను. తీరా చూస్తే అవి పొలుసులు, ఆ చేపలకి దవడలే లేవు! నోట్లో కొరకడానికి ఏమీ లేని ప్రాణికి పేరులో రెండు సార్లు పన్ను.

— భలే. అయితే థెలోడాంట్‌లోని ఆ 'డాంట్', మన 'దంతం' ఒకే మూలం నుంచి వచ్చినవేగా? గ్రీకు ఓడోంట్, సంస్కృత దంత చుట్టాలే. ఆ లెక్కన దంతం అని రాస్తేనే అసలు పేరుకి దగ్గర. పళ్ళకి ఓటేసినవారు ఏమంటారో!

— ఓటు మార్చను :) చుట్టరికం పేరుకి. చదివేవాళ్ళకి కాదు.

— నాదో పిల్ల ప్రశ్న. పాత తెలుగులో పొలసు అంటే మాంసం, పొలదిండి అంటే రాక్షసుడు. పొలుసు కూడా ఆ ఇంటిదేనా?

— ఒక్క అచ్చు తేడాతో వినబడినంత మాత్రాన చుట్టరికం కలపకండి. మాటలకి ఇంటిపేర్లు అంత తేలిగ్గా దొరకవు.

— ఇంకో మెలిక. స్కాట్లాండులో దొరికిన లోగనెల్లియా అనే థెలోడాంట్ గొంతు లోపల కూడా ఇలాంటి చిన్న చిన్నవి వరసల్లో ఉన్నాయి. మరి అవి పళ్ళా, పొలుసులా? నేటి సొరచేప తోలు గరుకుగా ఉండేదీ ఈ రకం వాటివల్లే. అందుకని రెంటికీ కలిపి 'తోలుపళ్ళు' అంటే ఎలా ఉంటుంది?

— తోలుపళ్ళు! మళ్ళీ చెట్టెక్కించారు. 'తోలు తీయని పళ్ళు' అని చదువుతారండీ జనం. పైగా గొంతులో ఉన్నవాటికి తోలెక్కడిది?

— (మొదట అడిగినది నేనే) అందరికీ దణ్ణం. 'దంతపు పొలుసులు' అని రాశాను. మొదటిసారి వచ్చిన చోట మాత్రం 'పన్ను లాంటి కట్టుబడితో, ఒంటిని కప్పి ఉండేవి' అని ఒక ముక్క చేర్చాను. బొమ్మలో ముళ్ళూ ఉన్నాయి, అకాంథోడియన్ అనే పాతకాలపు చేపలవి. అకాంథ అంటే గ్రీకులో ముల్లే కాబట్టి బతికిపోయాననుకున్నా. కానీ మనం చేప ముల్లు అనేది లోపలి ఎముకని. ఇది వాజం (చేప ఈదే రెక్క) ముందు అంచున నిలబడే ముల్లు. దీనికీ ఒక మాట చెప్పి పుణ్యం కట్టుకోండి.

— 'వాజపు ముల్లు' అని రాసి పడుకోండి.