ఏటికొప్పాక లక్కబొమ్మలను ఆన్‌లైన్‌లో అమ్మేవారికి ఐ.ఎస్.ఐ. గుర్తు నుంచి మినహాయింపు ఉందా?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నేను విశాఖపట్నం నుంచి మూడేళ్లుగా ఒక పెద్ద ఆన్‌లైన్ మార్కెట్‌లో పిల్లల బొమ్మలు అమ్ముతున్నాను. ఏటికొప్పాకలో ఇద్దరు కళాకారుల దగ్గర అంకుడు కర్రతో చేసి లక్క పూసిన గిలక్కాయలు, బొంగరాలు, ఒకదానిపై ఒకటి పేర్చే రంగు చక్రాలు కొని, నా బ్రాండు పేరు అచ్చు వేయించిన పెట్టెల్లో సర్ది పంపుతాను. వీటితో పాటు ఒక హోల్‌సేల్ దుకాణం నుంచి బ్యాటరీతో వెలిగే బొమ్మలు కూడా తెచ్చి పెట్టాను.

పోయిన వారం నా 14 లిస్టింగులనూ ఒక్కసారిగా ఆపేసి, ఐ.ఎస్.ఐ. లైసెన్సు గానీ మినహాయింపు పత్రం గానీ చూపించమని సందేశం పంపారు. హస్తకళలకు మినహాయింపు ఉందని విన్నాను. అది నాకు వర్తిస్తుందా? బొమ్మలను ఏదైనా ల్యాబులో పరీక్ష చేయించి ఆ రిపోర్టు పెడితే సరిపోతుందా? దయచేసి అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1

అమ్మా, మీరు కంగారు పడనక్కర లేదు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లోనే భౌగోళిక గుర్తింపు (ఒక ప్రాంతానికే ప్రత్యేకమైన వస్తువుకు ఇచ్చే జి.ఐ. గుర్తింపు) వచ్చింది. అలాంటి వస్తువులకు ఐ.ఎస్.ఐ. గుర్తు అవసరం లేదు. ఆ గుర్తింపు పత్రాన్ని ఇంటర్నెట్ నుంచి దింపి జతచేస్తే లిస్టింగులు మళ్లీ తెరుచుకుంటాయి.

జవాబు 2

పై జవాబు ఇచ్చినవారిపై గౌరవంతోనే, అది సగం మాత్రమే సరైనదని చెప్పవలసి వస్తోంది. నేను కొన్నేళ్లు బొమ్మల పరీక్షశాలలో పనిచేశాను, ఇప్పుడు చిన్న అమ్మకందారుల కాగితాలు చూస్తుంటాను, కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2020 ఫిబ్రవరిలో వెలువడి, 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకోవడానికి ఉద్దేశించిన ప్రతి వస్తువూ దాని పరిధిలోకి వస్తుంది. ఉత్తర్వు అమల్లోకి రావడానికి ముందే, 2020 డిసెంబరులో, రెండు మినహాయింపులు చేర్చారు. మొదటిది, కేంద్ర జౌళి శాఖలోని హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు తయారుచేసి అమ్మే వస్తువులకు. రెండవది, భౌగోళిక గుర్తింపు ఉన్న వస్తువును ఆ గుర్తింపు యజమాని గానీ, అధీకృత వినియోగదారుగా నమోదైనవారు గానీ తయారుచేసి అమ్మినప్పుడు. రెండింటిలోనూ 'తయారుచేసి అమ్మే' అన్న మాటలను మీరు గుర్తుపెట్టుకోవాలి. మినహాయింపు ఊరికి గానీ, కర్రకు గానీ, లక్కకు గానీ ఇవ్వలేదు. ఆ బొమ్మను చేసి, తానే అమ్మే మనిషికి ఇచ్చారు. మీరు కొని, మీ బ్రాండు పెట్టెలో పెట్టి, మీ ఖాతా నుంచి అమ్ముతున్నారు. ఉత్తర్వును ఉన్నది ఉన్నట్టు చదివితే ఆ మినహాయింపు మీ దగ్గరికి రాదు. ఎవరిదో పత్రాన్ని ఇంటర్నెట్ నుంచి దింపి పెట్టడం మాత్రం దయచేసి చేయకండి. లిస్టింగు తెరుచుకున్నా, రేపు తనిఖీ వస్తే అదే మీకు ఎదురు సాక్ష్యం అవుతుంది.

ఇక ల్యాబు రిపోర్టు విషయం. ఇది చాలామంది పొరబడే చోటు. పరీక్ష రిపోర్టు వేరు, లైసెన్సు వేరు. భారతీయ ప్రమాణాల సంస్థ, అంటే బి.ఐ.ఎస్., ఉత్పత్తి చేసే కార్ఖానాకు లైసెన్సు ఇస్తుంది, అమ్మేవారికి ఇవ్వదు. ఆ లైసెన్సు ఉన్న కార్ఖానా మాత్రమే బొమ్మపై ఐ.ఎస్.ఐ. గుర్తు, దానిపైన ప్రమాణం సంఖ్య, కింద సి.ఎం./ఎల్. అనే అక్షరాలతో మొదలయ్యే లైసెన్సు సంఖ్య ముద్రించగలదు. ఎంత పేరున్న ల్యాబు ఇచ్చిన రిపోర్టు అయినా దానికి బదులు కాదు. 2016 నాటి బి.ఐ.ఎస్. చట్టం 17వ సెక్షను ప్రకారం గుర్తు లేని వస్తువును తయారుచేయడమే కాదు, అమ్మడం, నిల్వ చేయడం, అమ్మకానికి ప్రదర్శించడం కూడా నేరమే. ఆ చట్టంలో మొదటి తప్పుకే 2 లక్షల రూపాయలకు తగ్గని జరిమానా గానీ 2 ఏళ్ల వరకు జైలు గానీ రాసి ఉంది. ఆన్‌లైన్ మార్కెట్లు ఇప్పుడు ఇంత కఠినంగా ఉండడానికి కారణం కూడా ఉంది. 2022లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ, ప్రమాణానికి తగని ప్రెషర్ కుక్కర్ల అమ్మకానికి చోటిచ్చినందుకు ఒక పెద్ద వేదికకు లక్ష రూపాయల జరిమానా వేసి, అమ్ముడైన 2,265 కుక్కర్లను వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇమ్మని ఆదేశించింది. మేము మధ్యవర్తులమే అన్న వాదన అక్కడ నిలబడలేదు.

అయితే పరీక్షకు విలువ లేదని నేను అనడం లేదు. మీ సరుకులో నాకు అన్నిటికంటే ఎక్కువ భయం గిలక్కాయ మీదే. బొమ్మల భౌతిక భద్రతను చూసే ఐ.ఎస్. 9873 మొదటి భాగంలో చిన్న భాగాల పరీక్ష ఒకటి ఉంది. దాని పరికరం 31.7 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న చిన్న గొట్టం. అడుగు ఏటవాలుగా ఉంటుంది, లోతు ఒకవైపు 25.4, మరోవైపు 57.1 మిల్లీమీటర్లు. మూడేళ్లలోపు పిల్లల బొమ్మ నుంచి ఊడివచ్చిన ఏ ముక్క అయినా, ఏ వైపు తిప్పి వేసినా, నొక్కకుండా అందులో పూర్తిగా మునిగిపోతే ఆ బొమ్మ తప్పినట్టే. నేను చూసిన ఒక లక్క గిలక్కాయ ఎంత నునుపుగా ఉందంటే, చేత్తో తడిమితే అతుకు ఎక్కడుందో తెలియలేదు. నిర్ణీత ఎత్తు నుంచి కింద పడేస్తే కొనమీది చిన్న బుడిపె ఊడి దొర్లింది. దానిని గొట్టంలో వేస్తే చప్పుడు లేకుండా అడుగుకు చేరింది. తయారుచేసినవారు వెంటనే 'మూడేళ్లు దాటిన పిల్లలకు' అని చీటీ అంటించుకొని వచ్చారు. గిలక్కాయ పసిబిడ్డల వస్తువని అందరికీ తెలుసు కనుక, చీటీతో దాని వయసు మారదు.

రంగుల విషయంలో అదే ప్రమాణం మూడో భాగం సీసం, కాడ్మియం, పాదరసం వంటి ఎనిమిది మూలకాలకు హద్దులు పెట్టింది. సీసానికి కిలోకు 90 మిల్లీగ్రాములు. ఏటికొప్పాకలో సహజ రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ కూడా వచ్చింది. అంతమాత్రాన ఆ ఊళ్లో చేసిన ప్రతి బొమ్మకూ అదే రంగు పూశారని అనుకోలేం. మీ ఇద్దరు కళాకారులు ఏ రంగు వాడుతున్నారో, దానిని ఎక్కడ కొంటున్నారో అడిగి తెలుసుకోండి.

ప్రశ్న వేసినవారు

ఇంత ఓపికగా రాసినందుకు ధన్యవాదాలండీ. ఆ ఇద్దరిలో ఒకరికి హస్తకళల శాఖ ఇచ్చిన పహచాన్ కార్డు, అంటే మీరు చెప్పిన కమిషనర్ దగ్గర నమోదైన కళాకారుడి గుర్తింపు కార్డు, ఉంది, రెండోవారికి ఏమీ లేదు. వెలిగే బొమ్మల గురించి హోల్‌సేల్ దుకాణదారుణ్ణి అడిగితే, వాట్సాప్‌లో ఒక లైసెన్సు ఫోటో పంపి, అందరూ ఇదే పెడుతున్నారని చెప్పారు. పెట్టెపై నా బ్రాండు ఉండడం వల్ల నష్టమేమైనా ఉందా? లిస్టింగులో నేను 'పిల్లలకు నూరు శాతం సురక్షితం' అని కూడా రాశాను.

జవాబు 2 ఇచ్చినవారు

ముందుగా వెలిగే బొమ్మలు. విద్యుత్ బొమ్మలకు ఐ.ఎస్. 15644 ప్రమాణం వర్తిస్తుంది, వాటికి హస్తకళల మినహాయింపుతో ఎలాంటి సంబంధమూ లేదు. బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్‌ను ఫోనులో వేసుకుని, ఫోటోలోని సి.ఎం./ఎల్. సంఖ్యను కొట్టి చూడండి. కార్ఖానా పేరు, చిరునామా, ఏ ప్రమాణానికి లైసెన్సు ఇచ్చారు, అది ఇప్పటికీ చెల్లుతుందా అన్న వివరాలు వస్తాయి. ఆ పేరూ, బొమ్మపై ముద్రించిన పేరూ, మీ కొనుగోలు బిల్లులోని సరుకూ ఒకటే అయితేనే దానిని నమ్మండి. అసలు బొమ్మపైనే గుర్తు లేకపోతే ఫోటో ఎంత నిజమైనదైనా మీకు పనికిరాదు.

బ్రాండు గురించి మీరు అడిగింది మంచి ప్రశ్న. 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం 86వ సెక్షను అమ్మకందారుకు ఎప్పుడు బాధ్యత వస్తుందో చెబుతుంది. ప్యాకింగుపైనా లేబులుపైనా గణనీయమైన అదుపు ఉండి, దానివల్లే హాని జరిగినా, తయారీదారు ఎవరో తెలియకపోయినా, తయారీదారు ఇవ్వని హామీని మీరు సొంతంగా ఇచ్చి అది తప్పినా, ఆ బొమ్మవల్ల జరిగిన హానికి మీరే జవాబు చెప్పాలి. మీ పెట్టె మొదటి రెండు చిక్కులూ తెచ్చిపెడుతోంది, ఎందుకంటే దానిపై కళాకారుడి పేరు ఎక్కడా లేదు. 'నూరు శాతం సురక్షితం' అన్న మాట మూడోది. దానిని ఈరోజే తీసేయండి.

కార్డు ఉన్న కళాకారుడి విషయంలో నా సలహా ఏమిటంటే, ఆయన పేరు మీదే అమ్మకందారు ఖాతా తెరిపించి, ఫోటోలు, వివరణ, ప్యాకింగు, పార్సిలు పనులు మీరు రుసుము తీసుకుని చేసిపెట్టండి. అప్పుడు చేసేదీ అమ్మేదీ ఆయనే అవుతారు, ఉత్తర్వులోని మాటలకు సరిపోతుంది. 2023 అక్టోబరు నుంచి జి.ఎస్.టి. నమోదు లేని చిన్న అమ్మకందారులు కూడా ఆన్‌లైన్ వేదికల ద్వారా సొంత రాష్ట్రంలో అమ్ముకోవచ్చు. హైదరాబాదుకు పంపాలంటే మాత్రం నమోదు కావలసిందే. రెండో కళాకారుడికి కార్డు వచ్చేవరకు ఆయన సరుకును ఆన్‌లైన్‌లో పెట్టకండి.

తూనికలు కొలతల శాఖ నియమాలను కూడా మరవకండి. తయారుచేసినవారి పేరు, చిరునామా, వస్తువు పేరు, ఎన్ని ఉన్నాయి, పన్నులన్నీ కలిపిన ఎం.ఆర్.పి., ఫిర్యాదుకు ఫోను, ఈమెయిలు, ఇవన్నీ పెట్టెపైనా, లిస్టింగులోనూ ఉండాలి. తయారైన నెల, సంవత్సరం మాత్రం లిస్టింగులో లేకపోయినా పెట్టెపై తప్పదు. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం మీరు ఫిర్యాదుల అధికారిని కూడా పెట్టాలి. ఒంటరి అమ్మకందారులు తమ పేరే రాసుకోవడం మామూలే. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పి, నెలలో పరిష్కరించాలి.

జవాబు 3 (డాలస్ నుంచి)

బొమ్మల కొలువు కోసం ఇక్కడి తెలుగువారు ఏటికొప్పాక, కొండపల్లి బొమ్మలు తెప్పించుకుంటారు కనుక ఒక మాట చేరుస్తున్నాను. ఎగుమతి సరుకుకు భారతీయ ఉత్తర్వు వర్తించదు గానీ, అమెరికాలో భారతీయ మినహాయింపు కూడా చెల్లదు. 12 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లల బొమ్మలకు ఇక్కడి ప్రభుత్వ సంస్థ ఆమోదించిన ల్యాబులో పరీక్ష, దాని ఆధారంగా పిల్లల వస్తువు ధ్రువపత్రం అడుగుతారు. కొలువులో పెట్టే అలంకార బొమ్మ వేరు, పిల్లాడి చేతికిచ్చే బొంగరం వేరు. లిస్టింగులో పిల్లాడు ఆడుకుంటున్న ఫోటో పెట్టి, కింద అలంకరణ వస్తువు అని రాస్తే ఎవరూ ఒప్పుకోరు.

ప్రశ్న వేసినవారు (తొమ్మిది రోజుల తరువాత)

యాప్‌లో చూస్తే ఆ లైసెన్సు వేరే కార్ఖానాకు, అదీ విద్యుత్‌తో పనిలేని ప్లాస్టిక్ బొమ్మలకు ఇచ్చినదని తేలింది. వెలిగే బొమ్మలన్నీ లిస్టింగు నుంచి తీసేశాను. దుకాణదారు సరుకు వెనక్కి తీసుకున్నారు గానీ డబ్బుకు బదులు వేరే సరుకు ఇస్తానంటున్నారు. పహచాన్ కార్డు ఉన్న కళాకారుడి పేరు మీద ఖాతా తెరిచి, బొంగరాలు, చక్రాలు పెట్టాము. గిలక్కాయలను పరీక్షకు పంపాము. ఇంకొక్క సందేహం: పాత పెట్టెలు 300 మిగిలాయి. వాటిపై 'నూరు శాతం సురక్షితం' అని అచ్చు అయి ఉంది. స్టిక్కరు అంటించి వాడుకోవచ్చా?

జవాబు 2 ఇచ్చినవారు

ఆ నినాదాన్ని స్టిక్కరుతో కప్పవచ్చు. కానీ తయారీదారు పేరు, ఎం.ఆర్.పి. వంటి తప్పనిసరి వివరాలను విడి స్టిక్కర్లతో చేర్చడానికీ, మార్చడానికీ వీల్లేదు, ఎం.ఆర్.పి.ని తగ్గించడానికి మాత్రం, పాత ధర కనబడేటట్టు అంటించవచ్చు. మీ పాత పెట్టెపై కళాకారుడి పేరు లేదు కనుక ఆ 300 పెట్టెలూ అమ్మకానికి పనికిరావు.