సీటీలో మామూలు గడ్డే అన్నారు, మళ్ళీ సూది టెస్ట్ ఎందుకు?

మా నాన్నకి 61 ఏళ్ళు, కుడి చెవి కింద గడ్డ మూడేళ్ళ నుంచీ ఉంది, మొదట్లో గవదబిళ్ల అనుకుని పట్టు వేశాం, తగ్గలేదు, నొప్పి లేదు కదా అని వదిలేశాం. ఈమధ్య పెద్దదైనట్టు అనిపించి ఈఎన్‌టీ దగ్గరికి తీసుకెళ్తే కాంట్రాస్ట్ సీటీ (నరంలోకి మందు ఎక్కించి తీసే స్కాన్) రాశారు. పరోటిడ్ (చెవి దగ్గరుండే లాలాజల గ్రంథి) లో 2.8 సెంటీమీటర్ల గడ్డ, అంచులు స్పష్టంగా ఉన్నాయి, బినైన్ (క్యాన్సర్ కానిది) కావచ్చు అని రిపోర్ట్. ఇప్పుడేమో డాక్టర్ గారు ఎఫ్ఎన్ఏసీ (సన్న సూదితో గడ్డలోంచి కణాలు తీసి చూసే టెస్ట్) చేయించమంటున్నారు. సీటీలో తేలిపోయాక సూది ఎందుకండీ? మా పెదనాన్న అయితే గడ్డని కెలికితే పాకుతుంది, గుచ్చనివ్వద్దు అని ఇంట్లో ఒకటే గోల.

చీకటిగది పీజీ:
"కావచ్చు" అన్నారు కదండీ, తేలిపోయింది అనలేదు. నేను రేడియాలజీ పీజీని, మేం ఆ మాట ఊరికే రాయం. అంచులు చెదిరి చుట్టూ కొవ్వులోకి, కండలోకి పాకినా, ఎముక తిన్నా, మెడలో బిళ్లలు ఉన్నా క్యాన్సర్ అనుమానం గట్టిగా రాస్తాం. కానీ లో గ్రేడ్ మ్యూకోఎపిడెర్మాయిడ్ అని ఒకటుంది, అది క్యాన్సరే, సీటీలో మాత్రం గుండ్రంగా బుద్ధిగా కూర్చుంటుంది. అటు ఇన్ఫెక్షన్ వచ్చిన మామూలు గడ్డ అంచులు చెదిరి భయపెడుతుంది. పరోటిడ్ గడ్డల్లో సుమారు 80 శాతం క్యాన్సర్ కానివే, అది ధైర్యమే, అదే దవడ కింద గ్రంథిలో అయితే ఇంత ధైర్యం చెప్పను. సూది చాలా సన్నది, దానివల్ల పాకడం అత్యంత అరుదు. ఇంతకీ నాన్నగారికి సిగరెట్ అలవాటుందా?

గుంటూరు కారం:
ఎమ్మారై తీయిస్తే సూది బాధ ఉండదుగా?

చీకటిగది పీజీ:
ఉంటుంది బ్రో. ముఖం నరం వెంబడి పాకిందా, లోపలి లోబ్‌లోకి వెళ్ళిందా అన్నది ఎమ్మారైలో బాగా కనపడుతుంది, కణాలు ఏంటో అదీ చెప్పలేదు.

పాత పేషెంట్:
నాకూ ఇలాంటి గడ్డే, ప్లియోమార్ఫిక్ అడినోమా అని క్యాన్సర్ కాని రకం, ఆపరేషన్ అయ్యి ఆరేళ్ళు. క్యాన్సర్ కాదుగా అని నేనూ నాన్చాను, అది ఏళ్ళ తరబడి ఉంటే కొందరిలో క్యాన్సర్‌గా మారుతుందని తర్వాత తెలిసింది. సూది రెండు నిమిషాల పని, రక్తం టెస్ట్ కంటే కాస్త ఎక్కువ నొప్పి అంతే. మూతి వంకర పోవడం, కన్ను మూతపడకపోవడం లాంటివి ఏమన్నా ఉంటే మాత్రం రేపటిదాకా ఆగకండి.

ప్రశ్న అడిగినవాణ్ణి:
మూతి బానే ఉందండి. సిగరెట్ 30 ఏళ్ళు తాగారు, ఇప్పటికీ దొంగచాటుగా తాగుతారు. ఇంకోటి, రిపోర్ట్ మళ్ళీ చదివితే ఎడమ పరోటిడ్‌లో కూడా 9 మిల్లీమీటర్లది ఒకటి అని రెండో పేజీలో ఉంది, మేం చూడనే లేదు.

చీకటిగది పీజీ:
సిగరెట్, వయసు, రెండు వైపులా, ఇదంతా వార్థిన్ ట్యూమర్ వైపు లాగుతోంది, అది క్యాన్సర్ కాదు. కాంట్రాస్ట్ ఎక్కించాక ముందు బాగా వెలిగి రెండు నిమిషాలకే తగ్గిపోయిందేమో, రెండు ఫేజులు (ఎక్కించిన వెంటనే ఒకసారి, కాసేపాగి ఇంకోసారి) తీసుంటే రేడియాలజిస్టుని అడగండి, ప్లియోమార్ఫిక్ అయితే మెల్లగా ఎక్కుతుంది. అయినా సూది మాత్రం మానొద్దు.

ప్రశ్న అడిగినవాణ్ణి:
సోమవారం వెళ్తున్నాం. పెదనాన్నకి రక్తం టెస్ట్ అని చెప్పా.