గుళ్ళకీ కొండలకీ అల్ట్రా వైడ్: ఎఫ్/2.8 కావాలా, ఐఎస్ కావాలా?

ఓరుగల్లు క్లిక్
నాది కెనాన్ క్రాప్ బాడీ (చిన్న సెన్సర్ కెమెరా), ఉన్నది 18-55 కిట్ లెన్స్ ఒక్కటే. రామప్ప గుడి మండపంలో వెనక్కి జరగడానికి చోటుండదు, ఎలా పట్టుకున్నా ఏదో ఒక స్తంభం తెగిపోతుంది. సెకండ్ హ్యాండ్‌లో ఇంకా వెడల్పుగా తీసే లెన్సులు రెండు కనిపించాయి: కెనాన్ 10-18 ఐఎస్ (చేతి వణుకు తగ్గించేది), టోకినా 11-16 ఎఫ్/2.8 (ఈ ఎఫ్ అంకె తగ్గేకొద్దీ వెలుతురు ఎక్కువ). ఎక్కువగా గుళ్ళే తీస్తాను, అప్పుడప్పుడు గండికోట లాంటి చోట్లకి వెళ్తాను. ఏది తీసుకోమంటారు? రెండూ కొనమని మాత్రం అనకండి, ఇంట్లో ఇప్పటికే గొడవగా ఉంది.

ముక్కాలిపీట
టోకినా. ఇందులో ఆలోచించడానికేముంది? గుడి లోపల చీకటి, పైగా నల్లరాయి. 10-18 అయితే 10ఎంఎం దగ్గరే ఎఫ్/4.5తో మొదలవుతుంది, 18కి వచ్చేసరికి 5.6. ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) పెంచుకుంటూ పోవడమే.

పాలంపేట బస్సు
లెక్క వేసి మాట్లాడు బ్రదర్. 2.8కీ 4.5కీ తేడా ఒకటిన్నర స్టాప్ కూడా లేదు (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు). ఐఎస్ వల్ల నాలుగు స్టాపులు కలిసొస్తాయని కెనాన్ చెబుతోంది, అందులో సగమే వచ్చిందనుకున్నా నీ 2.8 కంటే ఎక్కువే. ఏఎస్ఐ (కేంద్ర పురావస్తు శాఖ) కట్టడాల్లో అనుమతి లేకుండా ట్రైపాడ్ పెట్టనివ్వరు కదా, అంటే చేత్తోనే తీయాలి, అప్పుడు 1/8 సెకనులో వణుకు లేకుండా రావడం ముఖ్యమా, అపర్చర్ అంకె ముఖ్యమా? స్తంభాలు ఎక్కడికీ పారిపోవు. పైగా 10-18 బరువు 240 గ్రాములు, టోకినా అరకిలో పైనే.

ముక్కాలిపీట
స్తంభాలు పారిపోవు, జనం ఆగరు. స్కూల్ పిల్లలు పరిగెత్తుతుంటే 1/8లో అందరూ దయ్యాల్లా వస్తారు, దానికి ఐఎస్ ఏం చేస్తుంది? 2.8లో ఫోకస్ లోతు (స్పష్టంగా వచ్చే దూరం) చాలదని ఎలాగూ అంటారు కాబట్టి అదీ చెబుతున్నా: క్రాప్ బాడీ మీద 11ఎంఎం, ఎఫ్/2.8, ఫోకస్ రెండు మీటర్లకి కాస్త అవతల పెడితే, దాదాపు మీటరు దూరం నుంచి చివరిదాకా స్పష్టంగానే ఉంటుంది. మూలల్లో కొంచెం మెత్తబడుతుంది, ఒప్పుకుంటా.

నిట్టాడు
మీరిద్దరూ వెలుతురు గురించే కొట్టుకుంటున్నారు. గుళ్ళ ఫోటోలు పాడయ్యేది కెమెరాని పైకి ఎత్తడం వల్ల. గోపురం మొత్తం రావాలని ఎత్తగానే గోడలు వెనక్కి వాలిపోతాయి, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో నిలబెడితే అంచులు కోసేస్తుంది, అంటే డబ్బు పెట్టి కొన్న వెడల్పు అక్కడే పోతుంది. కెమెరాని నిలువుగా తిప్పి, లెవెల్‌గా ఉంచి, కింద వచ్చిన నేల తర్వాత కత్తిరించు. 20 అడుగుల దూరంలో నిలబడితే కంటి ఎత్తుకి పైన 10ఎంఎంలో సుమారు 22 అడుగులు వస్తుంది, 11లో 20, నీ కిట్ లెన్స్ 18లో 12 మాత్రమే. కాబట్టి 10కీ 11కీ పెద్ద తేడా లేదు, 18 నుంచి దిగడమే అసలు లాభం. ఇంకా పై ఎత్తు అంటే కెమెరా ఎత్తకుండానే ఫ్రేముని పైకి జరిపే కెనాన్ టీఎస్-ఈ 17 లాంటి షిఫ్ట్ లెన్స్, దాని ధర చూశాక ఇంట్లో గొడవ సంగతి నేను చెప్పను. అన్నట్టు, మదనికల (రామప్ప గుడి స్త్రీ శిల్పాల) ముఖాలు అల్ట్రా వైడ్ తో దగ్గరగా వెళ్ళి తీయకు, ఫ్రేము అంచుకి వస్తే సాగిపోతాయి.

పెన్నా గాలి
గండికోటకి అల్ట్రా వైడే ఎందుకండీ? ఆ లోయని 10ఎంఎంలో తీస్తే అవతలి కొండ గోడ చీమంత అయిపోతుంది, పెన్న మురుగు కాలవలా కనిపిస్తుంది. కాళ్ళ దగ్గరే మంచి బండ ఉంటేనే వైడ్ పనికొస్తుంది. లేదంటే కిట్ లెన్స్‌నే నిలువుగా పట్టుకుని వరసగా తీసి అతికించుకోండి, ఉన్నదాంతోనే పని అవుతుంది. పోలరైజర్ (ఆకాశాన్ని ముదురు చేసే ఫిల్టర్) జోలికి వెళ్ళకండి, ఇంత వెడల్పులో ఆకాశం ఒక పక్కే ముదురుతుంది, అసహ్యంగా ఉంటుంది.

పాలంపేట బస్సు
అతికించడం లోయకి సరే, మండపంలో కుదరదమ్మా. దగ్గరి స్తంభం, దూరపు స్తంభం ఒక్కో ఫోటోలో ఒక్కో చోటికి జరుగుతాయి, అతుకులు కలవవు.

ఓరుగల్లు క్లిక్
10-18 వైపే మొగ్గుతున్నా, బరువు చూసి కూడా. జనం సంగతి, పొద్దున్నే తలుపు తీయగానే వెళ్తాను. సెకండ్ హ్యాండ్ కదా, తీసుకునే ముందు ఏం చూడాలి?

పాలంపేట బస్సు
ఇటుక గోడకి ఎదురుగా సమానంగా నిలబడి 10ఎంఎంలో ఎఫ్/5.6 దగ్గర తియ్యి, నాలుగు మూలలూ పెద్దది చేసి చూడు. ఒక్క మూల మాత్రమే మసకగా ఉంటే లోపల అద్దం పక్కకి జరిగిందని అర్థం, వదిలెయ్. ఐఎస్ ఆన్, ఆఫ్ రెండూ పెట్టి 1/8లో తీసి పోల్చుకో, అమ్మేవాడు విసుక్కున్నా సరే.

ముక్కాలిపీట
తీసుకో తమ్ముడూ, కాదనను. గండికోటలో రాత్రి ఉండి ఆకాశం తీద్దామని నీకు ఎప్పుడో బుద్ధి పుడుతుంది, 4.5తో అప్పుడు తెలుస్తుంది. నా టోకినా అద్దెకిస్తా, రేటు మాత్రం అప్పుడు చెబుతా.